అమావాస్యనాటి మగ్గం చప్పుడు

నవంబరు 20, గురువారం. అమావాస్య

పొద్దున భూమి కదిలింది. పక్కింట్లో ఓబన్న మగ్గం గది మిద్దె కూలింది. ఓబన్నను బండల కిందినుంచి తీసి, ఎర్రిస్వామి గుండ్రటి పుట్టి పడవలో నీళ్ళు దాటించి, అవతలి గట్టున అంబులెన్సు ఎక్కించారు. రేఖ వెంట పోయింది.

నాకేమీ కాలేదు. రెండు గిన్నెలు కింద పడ్డాయి. వాటికి సొట్టలు ముందునుంచీ ఉన్నవే.

బియ్యంలో రాళ్ళు ఏరాను. రాళ్ళు లేవు. మళ్ళీ ఏరాను.

నవంబరు 21

రేఖ ఫోన్ చేసింది.

"అవ్వా, చిన్నతాతకు తెలివొచ్చింది. పక్కటెముకలు ఇరిగినాయంట. కుడిచెయ్యి నుజ్జయిపోయింది. ఊపిరితిత్తుల్లో ఏందో చేరింది, కొన్ని దినాలు పోతేగానీ చెప్పలేమంటాండారు."

"బతుకుతాడా?"

"చెప్పలేమంటాండారు అంటాంటే! నిన్నే అడుగుతాండాడు. వదిన యాడ, వదిన యాడ అని ఒకటే పాట."

"యాడికి పోతాను? ఇంట్లోనే ఉండానని చెప్పు."

ఫోన్ పెట్టేసింది. నా మనవరాలికి నా మాట కన్నా నా మరిది మగ్గమే ముద్దు. ధర్మవరంలో అమ్మానాన్నలను వదిలి ఈ గుట్టకు వచ్చింది నా మోకాళ్ళు పిసకడానికి కాదు, వాడి దగ్గర జాకార్డు నేత నేర్చుకోవడానికి. మా ఆయన పోతూ పోతూ నాకు విడిచిన ఆస్తి ఈ తమ్ముడొక్కడే. అదీ పక్కవాటా.

టీవీలో మా మగ్గాల గుట్ట పేరు చెప్పారట. "ద్వీపం" అన్నారట. వానకోసం కప్పలకు పెళ్ళిళ్ళు చేసిన ఊరికి చివరికి ఈ బిరుదు దక్కింది. రిజర్వాయరు నిండి గుట్ట చుట్టూ నీళ్ళు చేరినప్పుడు అందరం గంతులేశాం. కిందికి పోయే దారి మునిగాక గంతులు తగ్గాయి. ఇప్పుడు ఉప్పు పొట్లానికీ పుట్టి ఎక్కాలి, నేసిన చీరను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకొని దాటాలి. తాగే నీళ్ళు మాత్రం క్యాన్లలో అవతలి గట్టునుంచే వస్తాయి. చుట్టూ ఉన్నవి చూడడానికి.

నవంబరు 22

జరిగింది వరసగా రాసి పెట్టుకోవడం మేలు. ఎవరైనా అడిగితే తడబడకూడదు.

అమావాస్యకు గుట్టమీద ఎవరూ మగ్గం మీద కూర్చోరు. తాతల నాటి కట్టు. ఆ పూట అందరూ చౌడేశ్వరి గుడి దగ్గర ఉన్నారు. మోకాళ్ళ వల్ల నేను పోలేదు. పంతం వల్ల ఓబన్న పోలేదు.

గోడ అవతల మగ్గం మొదలయింది. ఈ అమావాస్యకు నేస్తానని నెల రోజులుగా ఊరంతా టముకు వేస్తున్నాడు కాబట్టి ఆశ్చర్యపోలేదు. కోపం వచ్చింది. కాసేపటికి చప్పుడు పెద్దదయింది. నేల అదిరింది, అరలో గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకొన్నాయి. నన్ను ఏడిపించడానికే గట్టిగా తొక్కుతున్నాడు అనుకొన్నాను.

"ఆపు!" అని అరిచాను.

ధబ్బుమని ఏదో పడింది. కోపం వస్తే పీట తన్నడం వాడికి కొత్త కాదు. "ఆపు!" అని మళ్ళీ అరిచాను. ఆ తరవాత చప్పుడు ఆగిపోయింది.

వాడు నా మాట విని ఆగడం పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక అదే మొదటిసారి.

కాఫీ కలిపాను. మా రెండు వాటాలకూ నడిమి గోడలో ఒక గూడు ఉంది, అటూ ఇటూ తెరిచినది. వాడి వైపు, మగ్గం గదిలోకి, చిన్న చెక్క తలుపు. వాడి పెళ్ళాం నల్లమ్మ పోయిన నాటినుంచి వాడి కాఫీ ఆ గూట్లోనే పెడతాను. పెట్టి తలుపు తడతాను, అటునుంచి చేయి వచ్చి గ్లాసు తీసుకొంటుంది. పోట్లాడుకొన్న రోజుల్లో కూడా చేయి వస్తుంది, మాట రాదు. ఆరోజు తట్టాను. చేయి రాలేదు. అలిగాడు అనుకొన్నాను. చల్లారిపోతుందని ఆ గ్లాసు కూడా నేనే తాగాను.

గుడి దగ్గర డప్పుల మోతలో అదురు ఎవరికీ పట్టలేదట. తరవాత రేఖ గుడినుంచి ప్రసాదం తెచ్చి వాడి మగ్గం గది తలుపు తోసింది. అది వెనకవైపు గది, వీధిలోకి కనపడదు.

అంతే. ఇందులో దాచేది ఏమీ లేదు.

నవంబరు 24

హైదరాబాదు నుంచి భూమిని పరీక్షించే ఆయన వచ్చాడు. మూసేసిన బడి గదిలో ఒక మిషను పెట్టాడు. చదువుకొన్నావిడ అని చెప్పి అందరూ ఆయనను నా మీదికి తోలారు. ఎర్రిస్వామి వెంట వచ్చి అరుగుమీద కూర్చొన్నాడు, పుట్టి నడిపేవాడికి ఈ గుట్టమీద అన్ని సంభాషణల్లోనూ సీటు ఉంటుంది.

"అమ్మా, ఇంతకుముందు ఎప్పుడైనా భూమి కదిలినట్టు అనిపించిందా?" అన్నాడాయన.

"లేదు. ఓబన్న మగ్గం ఆడేది, అంతే."

ఆయనకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. గుంత మగ్గం అంటే నేలలో గుంత తీసి, అందులో కాళ్ళు పెట్టి తొక్కుతారు. తొక్కిన ప్రతిసారీ పక్కింటి నేల కూడా అదురుతుంది. మామూలు రోజుల్లో ఇంటింటా మగ్గాలే కాబట్టి ఎవరి అదురు ఎవరిదో ఎవరికీ పట్టదు. అన్ని మగ్గాలూ ఆగిన అమావాస్యనాడు అదిరితేనే అనుమానం.

"అమావాస్యనాడు కూడా అదిరేదా?"

"అదిరేది. దొంగతనంగా నేస్తున్నాడు అనుకొన్నాం."

ఆయన కలం ఆగింది. తరవాత చాలాసేపు రాసుకొన్నాడు. నీళ్ళ బరువు, బండల్లో సందులు, సందుల్లోకి దిగే నీళ్ళు, ఏవో చెప్పాడు. కొత్తగా నిండిన రిజర్వాయర్ల దగ్గర ఇలాంటి చిన్నచిన్న అదుర్లు వస్తాయట. ఇది కూడా చిన్నదేనట. ఓబన్న ఇంటి గోడలకు తేమ పట్టి దూలం కొన పుచ్చి ఉండడంవల్ల మిద్దె దిగిందట.

ఎర్రిస్వామి ఊరుకోలేదు. "ఏం మేడం, తొమ్మిదో తరగతిలో మీరే కదా చెప్పింది, మన దక్కను బండ శానా గట్టిది, ప్రపంచమంతా కదిలినా ఇది కదలదని? నేను అదే రాసి మార్కులు కూడా తెచ్చుకొంటి."

"నీకు సోషల్‌లో మార్కులు వచ్చింది ఆ ఒక్కదానికే. ఇప్పుడు వెనక్కి ఇచ్చెయ్."

నవ్వాడు. హైదరాబాదు ఆయన కూడా నవ్వాడు. నేను నవ్వానో లేదో గుర్తు లేదు.

నవంబరు 26

దీపావళి అమావాస్య సంగతి రాయలేదు.

ఆరోజు కూడా ఇలాగే గ్లాసులు కొట్టుకొన్నాయి. గోడమీద గుద్ది అరిచాను. ఓబన్న తలకు నూనె కారుతుండగా వీధిలోకి వచ్చాడు.

"ఏమి వదినా అరుస్తాండావు? తలంటుకొనేకి కూర్చోనుండా నేను. మగ్గం నా ఇంట్లో ల్యా, నీ చెవుల్లో ఉండాది."

"నా చెవులు కాదు, నా గ్లాసులు చెప్పినాయి."

"అట్లయితే నువ్వే రోట్లో ఏందో దంచుతాండావు. నన్ను బద్నాం చేసేకి."

"మిక్సీ ఉండగా రోలెందుకు? నీకోసం ఒళ్ళు నొప్పించుకొంటానా?"

జనం చేరారు. గుడి పెద్దలు చేరారు. మేడం ఊరికే చెప్పదు అన్నారు. నా మాటకు ఆ విలువ ఉంది, నేను తెచ్చుకొన్నదే. అమావాస్యనాడు నేసినందుకు అమ్మవారి దీపంలో నూనె పోసి తప్పు కట్టమన్నారు. ఓబన్న డబ్బా తెచ్చి, అందరిముందూ పోశాడు. పోస్తూ ఒకే మాట అన్నాడు.

"చేయని తప్పుకు నూనె పోసినా. వచ్చే అమావాస్యకు ఆ తప్పేదో చేసేస్తా. నూనె ముందే పోసినా కదా, వాపసు ఇయ్యరు కదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇది మాత్రం గుర్తుంది.

ఇంతకీ దీపావళికి వాడు నేసి ఉండనూ వచ్చు. మిషను పెట్టింది మొన్న. దీపావళి సంగతి మిషనుకేం తెలుసు.

నవంబరు 27

రేఖ ఫోన్. చూడ్డానికి రమ్మంటోంది. మోకాళ్ళు అన్నాను.

నవంబరు 28

రేఖ ఫోన్. నీళ్ళు ఎక్కువగా ఉన్నాయి అన్నాను.

నీళ్ళు తగ్గాయి.

నవంబరు 29

రేఖ నాకు చేయకుండా ఎర్రిస్వామికి ఫోన్ చేసింది. పొద్దున్నే గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, రేపు పుట్టిలో కుర్చీ ఏస్తా."

"పుట్టిలో కుర్చీయా? తిరునాళ్ళలో రంగులరాట్నం అనుకొన్నావా?"

"కుర్చీ ఏసినా రాను, మోకాళ్ళు అంటారు. మోస్తా అంటే నవ్వుతారు జనం అంటారు. ఇంకేమన్నా మిగిలుంటే ఈ పొద్దే చెప్పండి, రేపు పొద్దున్నుంచి బాడుగలుండాయి."

ఇంకేమీ మిగల్లేదు.

నవంబరు 30

పోయి వచ్చాను.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొన్నాను. పుట్టి గుండ్రంగా తిరుగుతూ పోతుంది కాబట్టి మా గుట్ట ఒకసారి ఎదురుగా, ఒకసారి వీపు వెనక. ఓబన్న కూలిన మిద్దె దూరంనుంచి పన్ను ఊడిన నోరులా ఉంది. చాలాసార్లు కనపడింది.

ఆసుపత్రిలో ఓబన్న ముక్కుకు గొట్టం. కుడిచేయి కట్టు తలగడంత ఉంది. రేఖ పక్కన స్టూలు మీద.

"వచ్చినావా వదినా. నీళ్ళకు భయపడి రావనుకొంటి."

"నీళ్ళకు కాదు, నీ మొగానికి."

నవ్వబోయాడు. నొప్పి పుట్టి ఆగాడు. కాసేపు పైకప్పు చూస్తూ ఊపిరి పట్టి వదిలాడు.

"ఆ పొద్దు నువ్వు లేకుంటే నా పని అయిపోయింది వదినా."

మంచం కొసన కూర్చొన్నాను.

"బండ మీద పడింది. మగ్గం కొయ్య అడ్డం ఉండి తల పగల్లేదు. అరవాలని నోరు తెరిస్తే నోటినిండా మన్ను. అప్పుడు నీ గొంతు ఇనపడె. 'ఆపు' అంటివి. ఓహో, వదిన చూసింది, ఇంక అరిచే పని ల్యా, గాలి దాచుకొందామనుకొంటి. తలుపు కూడా తడితివి కదా. కాఫీ వాసన కూడా వచ్చె."

రేఖ నా వైపు చూసింది.

"గమ్మునుండా. వదిన చూసింది, మనుషుల్ని పంపుతాది, గమ్మునుండాలె అని. రేఖను నువ్వే కదా పంపింది?"

"ఊఁ."

"శానాసేపు పట్టిందా మనుషులొచ్చేకి?"

"లేదు. ఎంతోసేపు కాదు."

"నాకే ఎక్కువ అనిపించినట్టుంది అయితే."

రేఖ నీళ్ళ బాటిల్ తీసుకొని బయటికి పోయింది. అందులో నీళ్ళు నిండుగా ఉన్నాయి.

ఓబన్న ఎడమచేయి దుప్పటి మీద కదిలింది. "ఒకటి చెయ్ వదినా. గుడికాడ చెప్పు, దీపావళికి నేసింది నేను కాదని. మొన్న నేసింది నేనే, దానికి ఏమన్నా అనుకోనీ. ముందుది మాత్రం నాది కాదు. నీ మాటయితే ఇంటారు. లేకుంటే సచ్చినాక కూడా అమావాస్య ఓబన్నే అంటారు నన్ను."

"నువ్వే లేచొచ్చి చెప్పుకో. నేనేమన్నా నీ వకీలునా?"

"సరే, నేనే వస్తాలే," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పుట్టిలో ఎర్రిస్వామి ఏవో చెప్పాడు. నీళ్ళ మీద కొంగలు ఉన్నాయి. మా సీమకు ఇన్ని కొంగలు ఎప్పుడొచ్చాయో, చూస్తూ వచ్చాను. ఇల్లు చేరాక కాలు నేలమీద పెడితే నేల తెలియలేదు. కుర్చీలో కూర్చొని తిమ్మిరి పట్టినట్టుంది.

డిసెంబరు 1

కాఫీ ఒక గ్లాసే కలపాలి. గుర్తుండడం లేదు.

డిసెంబరు 2

తిమ్మిరి తగ్గలేదు.

రేఖ ఫోన్ చేసింది. జ్వరం వచ్చిందట వాడికి. మందు మార్చారట. మిగతా మాటలు మామూలుగానే మాట్లాడింది, నేను తిన్నానా అని కూడా అడిగింది. గూటి సంగతి అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

డిసెంబరు 4

ఓబన్న పోయాడు.

డిసెంబరు 5

గుట్టకే తెచ్చారు. ఎర్రిస్వామి ఎంత జాగ్రత్తగా తోసినా పుట్టి నేరుగా రాదు. తిరుగుతూ వచ్చింది. ముఖం ఒకసారి మావైపు, ఒకసారి అవతలి గట్టు వైపు. చేరుతుందా లేదా అన్నట్టు.

ఆడవాళ్ళు ఏడ్చారు. నాకు రాలేదు. మేడం గట్టిది అన్నారు. దక్కను బండ.

డిసెంబరు 8

గుట్ట ఖాళీ చేయమని పైనుంచి ఉత్తరువు. అవతలి గట్టున రేకుల షెడ్లు వేస్తున్నారట. మగ్గాలు విప్పుకొని ఈ నెలాఖరుకు దిగాలి.

రేఖ ఓబన్న మగ్గం మీది మన్ను దులిపింది. బండ ఒకవైపే పడింది, నేసిన చీర పెద్దగా చెడలేదు. ఆరంజి రంగు, పచ్చ అంచు. కొసన బెత్తెడు మేర చూపించింది.

"ఇది ఆ పొద్దు నేసింది అవ్వా."

"ఎట్ల తెలుసు నీకు?"

"ముందు దినం ఆడికి నేసి ఆపి, నేనే గుర్తు పెట్టినా. చూడు, పేక ఎంత మెత్తగా ఉండాదో. కోపంగా తొక్కింటే బిగుసుకొంటాది. చిన్నతాత ఆ పొద్దు నిమ్మళంగా నేసినాడు."

తాకి చూడమంది. తాకాను. బట్టలాగే ఉంది.

"గట్టిగా తొక్కుతాండాడు అనుకొంటి నేను," అన్నాను.

రేఖ చీరమీద పాత ధోవతి కప్పింది.

డిసెంబరు 14

ఓబన్న పదకొండో రోజు. కర్మ వంటలు బాగా కుదిరాయి. వడలు మాత్రం వాడికి నచ్చేంత కరకరలాడలేదు.

సాయంత్రం గుడికి పోయాను. రేఖ చేయి పట్టుకొంది. నూనె డబ్బా తీసుకెళ్ళాను. గుడి పెద్దలు ముగ్గురూ ఉన్నారు, ఎర్రిస్వామి ఎలాగూ ఉన్నాడు.

దీపంలో నూనె పోశాను.

"ఇది ఎవరి తప్పుకు మేడం?" అన్నాడు పెద్దాయన.

"భూమి తప్పుకు."

"భూమికి తప్పు వేసేవాళ్ళెవరు?"

"మీరే కదా పెద్దలు. వెయ్యండి."

ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. అప్పుడే చెప్పేశాను. దీపావళి అమావాస్యకు ఓబన్న నేయలేదు. కార్తీక అమావాస్యకు నేసినాడు. మొదటిది నేలదీ, రెండోది వాడిదీ. అమావాస్య ఓబన్న అని ఎవరైనా అంటే నా గుమ్మం తొక్కొద్దు.

"నువ్వే కదా మేడం చెప్పింది అప్పుడు..." అని ఎవరో వెనకనుంచి అన్నారు.

"నేనే. ఇప్పుడు చెప్తున్నదీ నేనే."

దీపం బాగానే వెలిగింది. తిరిగి వస్తూ రేఖ నా చేయి ముందుకన్నా కొంచెం గట్టిగా పట్టుకొంది. దారి వాలుగా ఉంది కాబట్టి అయ్యుండవచ్చు.

డిసెంబరు 16

సామాను కట్టడం. గ్లాసులు పాత పేపరులో చుట్టాను. రెండు బయట ఉంచాను.

డిసెంబరు 19, శుక్రవారం. అమావాస్య

బయట, వేపచెట్టు కింద కూర్చొని రాస్తున్నాను. ఇంట్లోకి పోనివ్వడం లేదు.

పొద్దున మగ్గాలు ఒక్కటీ ఆడలేదు. సగం మగ్గాలు విప్పేశారు కూడా. చాలామంది గుడి దగ్గర ఉన్నారు, ఇదే చివరి అమావాస్య పూజ. మోకాళ్ళ వల్ల నేను పోలేదు.

కాఫీ కలిపాను. ఈ మధ్య సరిగ్గా ఒక గ్లాసే కలుపుతున్నాను. ఈరోజు రెండు కలిపాను, తెలిసే కలిపాను. ఒకటి గూట్లో పెట్టాను. అటు చెక్క తలుపు లేదు, దాని వెనక గది లేదు, ఎండ నేరుగా వచ్చి గ్లాసుమీద పడుతోంది. తట్టడానికి ఏమీ లేక గూటి అంచుమీద తట్టి, పక్కనే కూర్చొన్నాను.

అప్పుడు గోడ అదిరింది. కాళ్ళ కింద నేల అదిరింది. తిమ్మిరి పట్టిన కాళ్ళకు కూడా తెలిసింది. కాఫీ మీద వలయాలు లేచాయి, మధ్యనుంచి అంచుకు, ఒకదాని వెనక ఒకటి. గుడి దగ్గర జనం కేకలు వేస్తూ బయలులోకి పరుగెత్తడం వినపడింది.

రేఖ రొప్పుతూ వచ్చింది. "అవ్వా! లెయ్యి, బయటికి రా! అదురుతాండాది!"

"మీ చిన్నతాత నేస్తాండాడు."

రేఖ రెండు చేతులతో నన్ను పట్టుకొని లేపింది. లేస్తూ లేస్తూ గూటి దగ్గర వంగాను. నా కొంగు గోడ మట్టికి రాసుకొంది.

"నేయి ఓబన్నా," అన్నాను. "ఎవరికీ చెప్పను."

గుమ్మం దాటేదాకా చప్పుడు ఉంది. దాటాక కూడా కాసేపు ఉంది. తరవాత ఆగింది.

నేను ఆపమనలేదు.